ఇసబెల్ ట్రాస్క్ ఆవిరి పైపు

కాస్టీన్, మెయిన్ రాష్ట్రం
2016 జనవరి 11

థియా తల్లికి మామయ్య దీవెనలు.

నువ్వు పంపిన ఎనభై పేజీల నివేదిక అందింది. కుంపటి పక్కన కూర్చుని మూడు రోజులు చదివాను. కుంపట్లో పడేద్దామని రెండుసార్లు లేచాను కూడా. వెనక అట్ట మీద నీ ఫొటో ఉండబట్టి ఊరుకున్నాను. అచ్చం మీ అమ్మలా ఉన్నావు. నోరూ దానిదే.

అమెరికాలో ఒక రేవు నుంచి ఇంకో రేవుకు సరుకు చేరవేయాలంటే ఆ ఓడ ఇక్కడే కట్టినదై ఉండాలి, ఇక్కడివాళ్లదే అయి ఉండాలి, ఇక్కడివాళ్లే నడపాలి. మన చట్టం చెప్పేది ఇంతే. తొంభై ఆరేళ్లుగా ఉంది. దాన్ని పట్టుకుని నువ్వు దొంగల ముఠా పట్టుబడినట్టు రాశావు. హొనొలూలూలో పాలు ఎందుకంత ప్రియం అని అడిగావు. నేనూ ఒకటి అడుగుతాను. మీ నాన్న మిమ్మల్ని వదిలేసి పోయిన ఏడు, మీ ఇంటికి పాలు ఎవరి జీతంతో వచ్చాయి? 'రక్షణవాదం' అని ముక్కు మూసుకుని రాశావే, ఆ రక్షణ నీడలోనే నువ్వూ నీ తమ్ముడూ చదువుకున్నారు.

కొరియావాడు మనకయ్యే ఖర్చులో నాలుగోవంతుకే ఓడ కడతాడట. కడతాడు, కాదనను. రేపు యుద్ధమొస్తే మన సామాను మోయడానికి వాడి ఓడలూ వాడి మనుషులూ వస్తారా? ఇది మీ వాషింగ్టన్ పిల్లలకి అర్థం కాదు. రేవులో తాడు పట్టినవాడికి అర్థమవుతుంది.

నీ తమ్ముడు రూఫస్ ఇసబెల్ ట్రాస్క్ ఓడ మీద థర్డ్ ఇంజనీరుగా చేరాడట, రాశాడు. నేను చీఫ్ ఇంజనీరుగా దిగిపోయిన ఓడే. ముసలిదే, కానీ పరువు గల ఓడ. ఓక్లండ్ నుంచి హొనొలూలూ, మళ్లీ వెనక్కి. ముప్పై ఒకటొచ్చినా వాడు మీ అమ్మకి చెప్పినట్టే నాకూ అన్నీ చెబుతాడు. నువ్వు మాత్రం పుస్తకాలు పంపిస్తావు.

ఫోన్ చేయకు. ముప్పై ఎనిమిదేళ్లు టర్బైన్ల పక్కన నిలబడ్డ చెవులు ఇవి. చెవిటివాడి ముందు శంఖమే. ఉత్తరమే రాయి.

మీ మామయ్య
ఆల్డెన్

*

వాషింగ్టన్
జనవరి 24

మామయ్యా,

నా ఫొటో నిన్ను మంట దగ్గర ఆపింది కదా, ఈసారి ప్రతి పేజీలోనూ వేయిస్తాను.

నీ జీతంతోనే చదువుకున్నాను. మర్చిపోలేదు. కానీ హొనొలూలూలో పాలు కొనుక్కునే తల్లికి నీలాంటి అన్న ఎవరున్నారు? ఒక ఇంట్లో పొయ్యి వెలగడానికి పది ఇళ్ల కట్టెలు ఎత్తుకొచ్చే చట్టం మంచిదెలా అవుతుందో చెప్పు.

ఇక్కడి సంగతి రాస్తే నువ్వు నవ్వుతావు. నిన్నటిదాకా మా స్వేచ్ఛావాదులూ ఆ సంప్రదాయవాదులూ ఒకే పార్టీ, ఒకే చందాదారులు, క్రిస్మస్‌కి ఒకే బల్ల. ఇప్పుడు ఈ చట్టం మీద కుక్కల్లా కరుచుకుంటున్నారు. పోయిన వారం ఒక సభ పెట్టారు. వాళ్ల తరఫున లాథ్రోప్ అనే ఆయన వచ్చాడు. ఓడల యజమానులూ యూనియన్లూ కలిసి పెట్టుకున్న సంఘానికి పెద్ద ఆయన. లేచి, "మార్కెట్టే దేవుడనుకునేవాళ్లు దేశాన్ని కూడా వేలం వేస్తారు" అన్నాడు. మా డైరెక్టర్ వెండెల్ ఊరుకుంటాడా? "జెండా కప్పుకుని జేబులు కొట్టేవాళ్లని దేశభక్తులు అనరు" అన్నాడు. సభ అయ్యాక ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని రొయ్యల పళ్లెం దగ్గరికి వెళ్లారు. ఆ రొయ్యలు ఏ దేశంవో నేను అడగలేదు.

వాళ్లలో ఒక్కడూ ఓడ ఎక్కినవాడు కాదు. నేనూ కాదనుకో.

ఎనభై పేజీలు అన్నావు. నేను రాసింది నూట పది. మిగతా ముప్పై ఏమయ్యాయో ఎప్పుడైనా చెబుతాను.

నీ థియా

*

హొనొలూలూ
మార్చి 9

మామయ్యా,

యూనియన్ వాళ్లు నీకు కబురు పంపామన్నారు, కాబట్టి కొంత తెలిసే ఉంటుంది. మిగతాది నేను రాస్తున్నాను.

శుక్రవారం పొద్దున, రేవు ఇంకా ఒక రోజు దూరం ఉందనగా, ఇసబెల్ ట్రాస్క్ ఇంజన్ గదిలో ఆవిరి పైపు వంపు దగ్గర పగిలింది. ఆ వంపు కిందనే సోలమన్ కహననుయి నూనె వేస్తున్నాడట. ఆయన అక్కడికక్కడే పోయాడు. ఏమీ తెలిసి ఉండదని డాక్టర్ అన్నాడు. డాక్టర్లు అలాగే అంటారేమో. ఆయన్ని లాగబోయి రూఫస్ కాలిపోయాడు. రెండు చేతులూ మోచేతుల దాకా, మెడ, ఎడమ చెంప. కళ్లు దక్కాయి.

నిన్న వాడి మంచం దగ్గర కూర్చున్నాను. కట్ల లోంచి వాసన వస్తోంది. నేను గది బయటికెళ్లి వాంతి చేసుకుని, ముఖం కడుక్కుని, నవ్వుతూ వచ్చాను. వాడు చూశాడు. "అక్కా, నీ నవ్వు బాగాలేదు, మామూలుగా ఉండు" అన్నాడు.

సోలమన్ భార్య వచ్చింది. పేరు లేలాని. ఏడవలేదు. రూఫస్ మంచం చుట్టూ ఒకసారి తిరిగి, వాడి పాదాల మీద చేయి వేసి, "నువ్వు లాగావటగా, నాకు చెప్పారు" అని వెళ్లిపోయింది.

మామయ్యా, ఆ ఓడ ఒళ్లంతా నీకు తెలుసు. నలభై రెండేళ్ల ఓడ. కొరియాలో అయితే ఇరవై ఏళ్లకే తుక్కు కింద కొట్టేసేవాళ్లు. కొత్తది ఇక్కడ కట్టించే ఖర్చు భరించలేక దాన్నే ఈడ్చుకొస్తున్నారు. నీ చట్టం చేసిన పని ఇది. ఆ పైపు సంగతి నీకేమైనా తెలిస్తే రాయి. విచారణ జరుగుతుందట.

థియా

*

కాస్టీన్
ఏప్రిల్ 2

థియా,

సోలమన్ నాతో పదకొండేళ్లు పనిచేశాడు. బాగా వేడెక్కిన ఆవిరి కంటికి కనిపించదు. తెల్లగా కనిపించేది అప్పటికే చల్లారినది. ఎక్కడో బుస్సుమంటుంటే చీపురు కర్ర ముందుకు చాపుకుంటూ అడుగులో అడుగు వేస్తాం. కర్ర తెగిపోతే అక్కడుంది అన్నమాట. ఆ కర్ర పట్టుకుని ముందు నడిచేవాడు ఎప్పుడూ సోలమనే. "చీఫ్, మీకు పెన్షన్ దగ్గర పడింది, మీరు వెనక నడవండి" అనేవాడు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. రెండుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. ఇప్పుడు రాస్తున్నది వేరే కారణానికి.

ఇవాళ టపాలో మీ సంస్థ కరపత్రం వచ్చింది. మొదటి పేజీ మీద రూఫస్ ఫొటో. కట్లతో, ఆ చెంపతో, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. కింద, 'ఈ చట్టానికి మనం చెల్లించే వెల' అని. దాని కింద చందా పంపాల్సిన చిరునామా.

ఛీ. నా చేతులు కడుక్కున్నాను తల్లీ, నిజంగా లేచి సబ్బుతో కడుక్కున్నాను. సొంత తమ్ముడి చర్మం ఒలిచి గుమ్మానికి తోరణం కట్టుకున్నావా? మీ అమ్మ ఉంటే ఏమనేదో నాకు తెలుసు. నా నోటితో అనను.

పైపు గురించి నన్నేమీ అడగకు.

ఆల్డెన్

*

వాషింగ్టన్
ఏప్రిల్ 12

మామయ్యా,

ఆ ఫొటో నేను ఇవ్వలేదు. వాడు నిద్రపోతుంటే తీసి ఆఫీసులో ఒక స్నేహితురాలికి పంపాను, ఎందుకంటే ఆ రోజు ఎవరికైనా చూపించకపోతే నాకు పిచ్చెక్కేది. ఆమె వెండెల్‌కి చూపించింది. వెండెల్ నాతో, "థియా, ఇది నీ బాధ మాత్రమే కాదు, ఉద్యమం బాధ" అన్నాడు. ఆ మాట అంటూ బాదంపప్పు నములుతున్నాడు. వెంటనే రాజీనామా చేయాల్సింది, చేయలేదు. కరపత్రాలు వెనక్కి తెప్పిస్తానన్నాడు, నమ్మాను. తెప్పించలేదు. నువ్వు చేతులు కడుక్కున్నావు. నాకు ఏం కడుక్కోవాలో తెలియడం లేదు.

కానీ నువ్వు నన్ను అడిగావు కాబట్టి నేనూ అడుగుతాను. ఈ చట్టం రద్దు బిల్లు మీద మే పదిహేడున కాంగ్రెస్ ఉపసంఘం ముందు మాట్లాడే సాక్షుల జాబితా ఇవాళే వచ్చింది. లాథ్రోప్ సంఘం తరఫున 'రిటైర్డ్ చీఫ్ ఇంజనీర్ ఆల్డెన్ పింకమ్' అని నీ పేరు! పైపు గురించి అడగకు అని నాకు రాసి, వాళ్లకి సాక్ష్యం చెబుతావా? లాథ్రోప్ మనుషులు ఇప్పటికే ఏమంటున్నారో తెలుసా? సోలమన్ తాగి ఉన్నాడని గుసగుసలు పెడుతున్నారు. ఆయన చర్చిలో పాటలు పాడే మనిషి, బీరు కూడా ముట్టడని రూఫస్ చెప్పాడు. నువ్వు ఆ బల్ల ముందు కూర్చుని ఓడ పరువు గలదని చెబితే, ఆ గుసగుసకి నీ సంతకం పెట్టినట్టే.

ఈ విషయం రూఫస్‌కి చెప్పలేదు. వాడు రోజూ ఫోన్‌లో అడుగుతున్నాడు, "మామయ్య నుంచి ఉత్తరం రాలేదా?" అని. వాడికి ఒక్క ముక్క రాయలేదెందుకు నువ్వు? యూనియన్ వాళ్లకి కోపమొస్తుందనా?

థియా

*

కాస్టీన్
ఏప్రిల్ 25

థియా,

వాళ్లు పిలిచారు. వస్తానన్నాను. లాథ్రోప్ ఉపన్యాసం రాసి పంపాడు, మూడు పేజీలు, అందంగా ఉంది. 'నావికుల కుటుంబం' అన్న మాట నాలుగుసార్లు ఉంది. టికెట్టూ పంపాడు. నేను బస్సులో వస్తాను.

సోలమన్ తాగడు. అది నాకు తెలుసు.

నువ్వు రావాలనిపిస్తే వచ్చి వెనక కూర్చో. రావాలనిపించకపోతే మానేయి. మన ఇద్దరి మధ్య ఏమున్నా, ఆ రోజు తర్వాత రాయి.

ఆల్డెన్

*

వాషింగ్టన్
మే 19

మామయ్యా,

నువ్వు బయటికి రాగానే నీ దగ్గరికి పరిగెత్తాను, కానీ విలేఖరుల గుంపులో నువ్వు నన్ను చూడలేదు. వినిపించనూ లేదు. బస్టాండుకి వెళ్లేసరికి బస్సు కదిలిపోయింది. అందుకే ఇది.

లాథ్రోప్ ఇచ్చిన మూడు పేజీలను నువ్వు తిరగేసి బల్ల మీద బోర్లా పెట్టినప్పుడు, వెనక వరసలో నేను సగం లేచాను. తర్వాత జేబులోంచి ఒక నలిగిన కాగితం తీసి చదివావు. నీ మాటలు నాకు కంఠతా వచ్చేశాయి: "2010 అక్టోబరులో ఆ పైపు వంపు నేనే కొలిచాను. ఉండాల్సిన మందంలో సగం కూడా లేదు. మార్చమని కంపెనీకి మూడుసార్లు రాశాను. వచ్చే మరమ్మతుకి చూద్దాం అన్నారు. తనిఖీ అధికారి వచ్చిన రోజు ఓడ ఆపేస్తే మళ్లీ కదలనివ్వరని భయపడ్డాను. ఆ ఓడ పోతే దాని బదులు ఇంకోటి ఎవరూ కట్టరు, ఇరవై రెండు మంది రోడ్డున పడతారు. తనిఖీ పుస్తకంలో సంతృప్తికరం అని రాసి సంతకం పెట్టాను. నా తర్వాత వచ్చినవాళ్లు నా సంతకం నమ్మి మళ్లీ కొలవలేదు. సోలమన్ కహననుయి తాగి లేడు. నన్ను నమ్మి ఆ పైపు కింద నిలబడ్డాడు."

ఉపసంఘం అధ్యక్షుడు "మీ సమయం అయిపోయింది" అన్నాడు. నువ్వు వినిపించుకోక, "ఏమన్నారు?" అని అడిగావు. ఎవరో నవ్వారు. ఆ నవ్వినవాడెవడో తెలిస్తే వాడి పళ్లు రాలగొట్టేదాన్ని.

మామయ్యా, నువ్వు నాకు ఎందుకు రాయలేదో, రూఫస్‌కి ఎందుకు రాయలేదో అప్పుడు అర్థమైంది. నేనేమో యూనియన్‌కి భయపడ్డావనుకున్నాను. ఏప్రిల్‌లో నేను రాసిన ఉత్తరం నీ దగ్గరుంటే చింపేయి.

ఆ తర్వాత జరిగింది విను. సాయంత్రం అయ్యేలోపే లాథ్రోప్ సంఘం ప్రకటన ఇచ్చింది: ఇది ఒక ఇంజనీరు నిర్లక్ష్యం, చట్టానికి సంబంధం లేదు. మా వెండెల్ కారిడార్‌లోనే నా చేతులు పట్టుకుని ఊపేశాడు. "ఇంతకంటే గొప్ప సాక్ష్యం దొరకదు! 'దాని బదులు ఇంకోటి ఎవరూ కట్టరు', ఆ వాక్యం అట్ట మీద వేద్దాం!" అన్నాడు. "మరి తనిఖీ మాటో? కంపెనీ మూడుసార్లు కాదన్న మాటో?" అన్నాను. "అవి మన వాదానికి అవసరం లేదు" అన్నాడు. నిన్ను కోడిలా మధ్యకి కోసి చెరో సగం పట్టుకుపోయారు. సోలమన్ ఏ సగంలోనూ లేడు.

ఇప్పుడు ఆ ముప్పై పేజీల సంగతి. అవి పాత ఓడల్లో పనిచేసేవాళ్ల గురించి. బాయిలర్లు, పైపులు, గాయాలు, ఎన్ని తనిఖీలు పేరుకే జరుగుతాయి, అన్నీ పేర్లతో సహా రాశాను. ఇసబెల్ ట్రాస్క్ పేరు కూడా ఉంది. వెండెల్ కొట్టేశాడు. "తనిఖీలు గట్టిగా చేయమంటే ప్రభుత్వాన్ని ఇంకా పెంచమన్నట్టే. అది వాళ్ల పాట, మనది కాదు" అన్నాడు. వాదించాను, ఒక పూట. తర్వాత ఒప్పుకున్నాను, నా పేరు అట్ట మీద పెద్దక్షరాలతో వస్తుందని. రూఫస్ ఆ ఓడ ఎక్కినప్పుడు ఆ ముప్పై పేజీలు నా సొరుగులో ఉన్నాయి. వాడికైనా పంపలేదు. నువ్వు ఒక మాట రాశావు, నేను రాసిన ముప్పై పేజీలు దాచి ఊరుకున్నాను.

నిన్న ఉద్యోగం మానేశాను. ధైర్యమని అనుకోకు. ఆ గదిలో కూర్చుంటే బాదంపప్పు వాసన వస్తోంది.

నువ్వు ఒక్కసారి చెప్పు, ఇంతా అయ్యాక ఆ చట్టం మంచిదంటావా?

థియా

*

కాస్టీన్
జూలై 6

థియా తల్లికి,

ఆలస్యమైంది. విచారణవాళ్లు వచ్చి రెండు రోజులు కూర్చున్నారు. నా లైసెన్సు వాళ్లు అడగకముందే బల్ల మీద పెట్టాను. కేసు ఉంటుందో లేదో ఇంకా చెప్పలేదు. యూనియన్ హాలు గోడ మీద నా ఫొటో తీసేశారట. అక్కడ మేకు అలాగే ఉందని పాత స్నేహితుడు ఒకడు రాశాడు, పేరు రాయకుండా. ఊళ్లో పలకరించేవాళ్లు తగ్గారు. నాకు ఎలాగూ వినపడదు.

లేలాని కహననుయికి ఉత్తరం రాశాను. విప్పకుండా తిప్పి పంపింది. ఆమె చేతి రాతతో చిరునామా మాత్రం శుభ్రంగా రాసింది. అది ఆమె హక్కు.

చట్టం సంగతి అడిగావు. అది లేకపోతే నేను లేను, మీ చదువులు లేవు. అది ఉండబట్టే ఆ ఓడ నలభై రెండేళ్లు నడిచింది, నడవకూడని ఏళ్లు కూడా. మంచిదో చెడ్డదో తేల్చడానికి నా దగ్గర ఇక నాలుక లేదు. కానీ చట్టం నా చేయి పట్టుకుని సంతకం పెట్టించలేదు. అది నేనే పెట్టాను. లాథ్రోపూ వెండెలూ ఒప్పుకోనిది ఈ రెండూ నిజమేనన్న ఒక్క ముక్కే. ఇసబెల్ ట్రాస్క్‌కి పైపు మార్చి మళ్లీ పంపించారు. పోయిన మంగళవారం ఓక్లండ్‌లో బయల్దేరిందట. ఆ రద్దు బిల్లు ఉపసంఘంలోనే చచ్చిపోయింది. లాథ్రోప్, వెండెల్ ఎవరి చందాలు వాళ్లు వసూలు చేసుకుంటున్నారు.

రూఫస్ వచ్చి తొమ్మిది రోజులైంది. నీకు చెప్పొద్దన్నాడు, కానీ ఇప్పుడు చెప్పమన్నాడు. బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు, మెడలో రుమాలు చుట్టుకుని. గుమ్మంలో నిలబడి నా వంక చూస్తూ ఉండిపోయాడు. "లోపలికి రానా?" అన్నాడు, నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా. నేను పక్కకి జరిగాను.

మొదటి రెండు రోజులు నేను ముక్కలు చేసి పెట్టింది తిన్నాడు, సగం వదిలేశాడు. వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవు, చెంచా జారిపోతుంది. మూడో రోజు మధ్యాహ్నం నా ముందు కాగితం పెట్టి, పెన్సిలు నా వైపు తోశాడు.

"గీసి చూపించు, మామయ్యా. ఎక్కడ కొలిచావు?"

గీశాను. వంపు, దాని పైన పైపుల్ని కలిపే ఫ్లాంజి, కింద నూనె వేసే చోటు. వాడు ఎన్నిచోట్ల కొలిచావు అన్నాడు, నాలుగు అన్నాను. అంకెలు గుర్తున్నాయా అన్నాడు. గుర్తున్నాయి. నాలుగూ రాశాను. వాడు కాగితం తన వైపు జరుపుకున్నాడు.

"పుస్తకం తెరిచి పెన్ను పట్టుకున్నాక, ఎంతసేపు పట్టింది?"

"ఎంతోసేపు కాదు" అన్నాను. "నువ్వు నన్ను తిట్టు నాన్నా. కొట్టినా సరే."

వాడు తల అడ్డంగా ఊపాడు. వాడి ముఖంలో కోపం కోసం వెతికాను తల్లీ, ఉంటే బాగుండుననుకున్నాను. లేదు. నోట్లో ఏదో కుళ్లినది పడ్డట్టు మూతి వంకర పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. తర్వాత మళ్లీ నా చెవి దగ్గరికి వంగి, ఒక్కో మాటా విడివిడిగా, నేను వినకుండా పోయే వీలు లేకుండా చెప్పాడు.

"ఆ రోజు పెన్ను నా చేతికిచ్చినా నేనూ అదే రాసేవాణ్ణి, మామయ్యా. ఆసుపత్రిలో మూడున్నర నెలలు పడుకుని ఇదే ఆలోచించాను. నిన్ను తిడదామని వచ్చాను. నోరు తెరిస్తే నా మీదే రోత పుడుతోంది."

మామయ్య